ఒక పక్కే కాల్చాలి

మే 4, 1983. బుధవారం

ఈ డైరీ కొత్త సంవత్సరానికి నూలు దుకాణం వాళ్లు ఇచ్చారు. ఇన్నాళ్లూ మా స్వరూప దీన్నిండా పిల్లి బొమ్మలు గీసింది. ఇవాళ్టి నుంచి ఇది నాది. ఎవరితోనూ అనలేని మాటలు ఎక్కువైపోయాయి.

పొద్దున్నే ఏజెంట్ రామలింగం వచ్చాడు. కువైట్ వాళ్లు ఒక కుటుంబం హైదరాబాద్‌లో దిగారట, పెద్దాయన కంటి ఆపరేషన్ కోసం. రంజాన్‌కు ముందే వెనక్కి పోతారు. పోతూ ఇక్కడి నుంచి ఒక వంటమనిషిని తీసుకుపోతారట. మామూలు వంటకు అక్కడ మనుషులున్నారు. రంజాన్ నెలంతా రోజూ చేసే తీపి ఒకటుందట, కతాయెఫ్ అని. అది చేతనైన మనిషి కావాలి. ఇరవై రెండో తారీఖు ఆదివారం టెస్ట్. ఆ ఇంటి మేడం ముందర చేసి చూపించాలి.

మా కైలాసానికి గది కొట్టిన పిండి అని చెప్పిన, నా ఇజ్జత్ కాపాడుండ్రి, అన్నాడు రామలింగం.

కైలాసం అంటే మా ఆయన. ఆయనకు చేతనైన వంట ఒక్కటే, చాయ్. అది కూడా నేను స్టవ్ ముట్టిస్తేనే.

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. మగ్గం ఆగి ఏడు నెలలైంది. జంపఖానాలు నేయడంలో మా కొత్తవాడ మొత్తం మీద ఆయన చేతికి పేరుంది. ఇప్పుడు ఆర్డర్లు లేవు, నూలు లేదు. మనిషి రోజంతా ఖాళీ మగ్గం ముందు కూర్చుంటాడు. అది చూడలేకపోతున్నాను.

పోయినేడు ఇదే రామలింగం మొగుడూ పెళ్లాం ఇద్దరికీ కలిపి పనులున్నాయని చెప్పి ఇద్దరికీ పాస్‌పోర్టులు చేయించాడు. ఆ పని ఎటో పోయింది. పాస్‌పోర్టులు ట్రంకులో మిగిలాయి. ఆయనది పైన, నాది అడుగున, పెళ్లి చీర కింద.

మే 6

మహబూబ్‌బీ ఖాలా దగ్గరికి పోయాం. మా వెనక గల్లీలోనే ఉంటుంది. కువైట్‌లో ఒక ఇంట్లో తొమ్మిదేళ్లు వంట చేసి వచ్చింది. అక్కడి నుంచి తెచ్చుకున్నవి రెండే, టేప్ రికార్డర్, మోకాళ్ల నొప్పి, అని తనే అందరికీ చెప్పుకుని నవ్వుతుంది.

మంచం మీద నుంచి లేవకుండానే చెప్పింది. మైదా, కొంచెం రవ్వ, బేకరీలో దొరికే ఈస్ట్, చిటికెడు చక్కెర, గోరువెచ్చని నీళ్లు. అట్ల పిండి కంటే పల్చగా కలిపి మూత పెట్టాలి. పొంగాక పెనం మీద నూనె చుక్క లేకుండా అరచేతంత అట్టు పోయాలి. పైన బుడగలు లేచి పగులుతాయి. ఒళ్లంతా కండ్లు కండ్లు అయితది, అంది. తడి మెరుపు పోగానే తీసేయాలి. లోపల అక్రోట్ పలుకులు, చక్కెర, దాల్చినచెక్క పొడి. మడిచి, అంచులు నొక్కాలి, మన గరిజెల లెక్క. తర్వాత నూనెలో వేయించి పాకంలో ముంచాలి.

అన్నింటికీ ఆయన తల ఊపుతున్నాడు. ఖాలా ఆయన మణికట్టు పట్టుకుంది. అన్ని మర్చిపో బేటా, ఒక్కటి యాదికి పెట్టుకో, తిప్పొద్దు, జిందగీల తిప్పొద్దు, ఒక దిక్కే కాలాలె, అంది. పచ్చిగా ఉన్న పక్కే పచ్చి పక్కను పట్టుకుంటుందట. రెండో పక్క కూడా కాలిందంటే అంచు అతుక్కోదు, నూనెలో నోరు తెరుస్తుంది. గప్పుడు మేడం నీకు తలుపు చూపిస్తది, అంది.

గింతేనా, అన్నాడు ఆయన గల్లీలోకి వచ్చాక.

మే 8. ఆదివారం

మా ఇంట్లో అక్రోట్ ఎక్కడిది. పల్లీలు వేయించి దంచాను. పిండి నేను కలిపాను, పోయడం ఆయన వంతు. పోశాడు. బుడగలు వచ్చాయి. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. అట్లకాడ కిందికి పోయింది, టక్కున తిప్పేశాడు.

అయ్యో అన్నాను. అయ్యో అని ఆయనా అన్నాడు. రెండోది తిప్పాడు. మూడోది పోసేటప్పుడు తిప్పను తిప్పను అని పైకే అనుకుంటూ తిప్పాడు.

ఏదీ అతుక్కోలేదు. పల్లీలన్నీ నూనెలో పడి మాడి ఇల్లంతా పొగ. మా అత్త పోశవ్వ దగ్గుకుంటూ వచ్చి, గిదేం వంటనే, ఇల్లు కాలవెడతాండ్రా, అంది. సంగతి చెబితే కోపం ఇంకా పెరిగింది. ఒక దిక్కు పచ్చిగ ఇడిసిపెట్టిన అట్టు కుక్క గూడ ముట్టది, గా అరబ్బోళ్లకు కడుపులు నొయ్యవా, అని అడిగింది. నాకేం తెలుసు.

మే 9

పదకొండు పోశాడు. పదకొండూ తిప్పాడు.

మే 12. గురువారం

ఎందుకు తిప్పుతున్నావని గట్టిగానే అడిగాను. నేను తిప్పుతలేను, చెయ్యే తిప్పుతాంది, అన్నాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. వాళ్ల నాయన మగ్గం ముందు కూర్చోబెట్టి నేర్పిన మొదటి పాఠమట అది. జంపఖానాకు మంచి దిక్కు, చెడ్డ దిక్కు ఉండొద్దు. ఎటు పరిచినా ఒకటే తీరు ఉండాలి. అడుగున పోగు తేలి కనబడితే వీపు మీద ఒక్కటి పడేది. ఒక దిక్కు మంచిగ చేసి ఇంకో దిక్కు వదిలేసుడు నాతోని అయితలేదే, అన్నాడు.

తిడదామనుకున్నదాన్ని తిట్టలేకపోయాను.

ఇదిగో ఇలా, అని చూపిద్దామని గరిట నేను తీసుకున్నాను. ఒకటి పోశాను. కళ్లు తెరుచుకున్నాయి, మెరుపు పోయింది, తీశాను. మడిచి నొక్కితే అంచు అంచును పట్టేసుకుంది. నూనెలో వేస్తే నోరు మెదపలేదు. పాకంలో నుంచి తీశానో లేదో స్వరూప లాక్కుని తినేసి ఇంకోటి అంది. దాని పెదవుల మీద నుంచి గదవ మీదికి పాకం కారుతోంది.

ఆయన నన్నే చూస్తున్నాడు. ఇప్పుడు పెనం బాగా కాగింది, అందుకే, అన్నాను.

మే 13

పెనం కాదు.

మే 15. ఆదివారం, మధ్యాహ్నం రెండు

ఎండ నిప్పులు చెరుగుతోంది. కరెంటు లేదు. పొద్దున కలిపిన పిండి పన్నెండింటికే పులిసి కంపు. మళ్లీ కలిపాను. మళ్లీ తిప్పాడు. నాలుగో దానికి నా నోరు ఊరుకోలేదు. ఒక్క అట్టు తిప్పకుండా ఉండలేవా, ఇంత మగాడివి, అని అరిచాను. గల్లీ అంతా విన్నది.

నువ్వు గట్ల గుడ్లురిమి చూస్తే నా చెయ్యి నా మాట ఇంటలేదు, లేచిపో ఈడికెల్లి, అన్నాడు. పోను అన్నాను. గరిట విసిరేశాడు. నా మీదికి కాదు, గోడ మీదికి. పిండి గోడంతా కారింది. స్వరూప గుక్కపట్టి ఏడ్చింది. ఏడేళ్ల సంసారంలో ఆయన ఒక వస్తువు విసిరేయడం ఇదే మొదలు.

తర్వాత ఆయనే తడిగుడ్డ తెచ్చి గోడ తుడిచాడు. నేను సాయం పోలేదు. ఒళ్లు మండుతోంది, ఎవరి మీదో తెలియట్లేదు.

మే 18

ఇవాళ పది పోస్తే రెండే తిప్పాడు. ఖాలాకు చెబితే, శెభాష్, జర సబర్ పట్టుండ్రి, అంది. తెచ్చుకున్నవి రెండే అంటుంది కానీ, కువైట్ నుంచి తెచ్చుకున్న నారింజ పూల నీళ్లు సీసా అడుగున ఇంకా కొన్ని ఉన్నాయి, పాకంలో వేయమని ఇచ్చేసింది.

పిండి కలపడానికి అసిస్టెంట్‌గా నేనూ రావచ్చని రామలింగం కబురు చేశాడు. కువైట్‌కు పోయేది ఆయనే కాబట్టి పెనం మీద పిండి మాత్రం ఆయనే పోయాలట.

మే 19

ఆయన బజారుకు పోయినప్పుడు నేను ఆరు చేశాను. ఎందుకు చేశానో తెలియదు. ఆయన వచ్చేలోపు పెనం కడిగి బోర్లించాను.

మే 21

రేపే టెస్ట్. అత్త సమ్మక్కకు బెల్లం మొక్కింది. కొడుకు పోవాలని మొక్కిందో, పోవద్దని మొక్కిందో చెప్పలేదు.

మే 23. సోమవారం పొద్దున

నిన్న రాయలేకపోయాను.

బంజారాహిల్స్‌లో పెద్ద ఇల్లు. వంటగదిలో గ్యాస్ స్టవ్, బరువైన పెనం. మేడంకు యాభై ఏళ్లుంటాయి. చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. నవ్వదు, కోప్పడదు. ఆమె ఒక మాట అంటుంది, డ్రైవర్ దాన్ని ఉర్దూలో చెబుతాడు, రామలింగం తెలుగులో చెబుతాడు. ఉర్దూ మాకూ వచ్చురా బాబూ అంటే వినడు. ఒక్కో మాట మాదాకా వచ్చేసరికి ప్రాణం పోతోంది.

పిండి నేను కలిపాను. ఏసీ గది కాబట్టి పొంగడానికి గంటన్నర పట్టింది. అంతసేపూ ముగ్గురం నిలబడే ఉన్నాం.

ఆయన మొదటిది పోశాడు, తిప్పలేదు. రెండు. మూడు. నా గోళ్లు నా అరచేతిలో దిగుతున్నాయి. నాలుగోది పెనం మీద ఉండగా హాల్లో ఫోన్ మోగింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. చెయ్యి తిప్పేసింది.

ఆయన దాన్ని తీసి పక్కన పెట్టి ఐదోది పోశాడు. తిప్పాడు. ఆరోది కూడా తిప్పాడు. చెమటతో చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మేడం చెయ్యి ఎత్తి, ఖలాస్, అంది. దాన్ని ఎవరూ తెలుగు చేయలేదు.

అయిపోయిందనుకున్నాను. ఆమె మొదట పోసిన మూడింట్లో ఒకటి తుంచి వాసన చూసి, పిండి ఎవరు కలిపారని అడిగింది. నేనే అన్నాను. వేలితో పెనం చూపించింది. నేను ఆయన వైపు చూశాను. ఆయన గరిట నా చేతికి ఇచ్చి పక్కకు జరిగాడు.

ఐదు పోశాను. మేడం వేడిగా ఉన్నదాన్ని చేత్తోనే తీసి, మడిచి, అంచు నొక్కి, కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది. ఏదో అంది. డ్రైవర్ నవ్వాడు. రామలింగం మాత్రం మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మెల్లగా చెప్పాడు. ఈమెనే కావాలంటాంది. గురువారం ఇంటికి చుట్టాలొస్తాండ్రట, ఒక్కతే వచ్చి నలభై చెయ్యాలట, ఒక్కటి గూడ ఖరాబు కావద్దట. చేస్తే వీసా ఈమె పేరు మీదనే. రెండేండ్లు.

తిరుగు బండి కాజీపేటలో గంటసేపు ఆగింది. ఆయన దిగి ఒక్క చాయ్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. తను తాగలేదు. ఇంటి దాకా ఒక్క మాట లేదు.

నిజం రాయాలి. ఆమె అంచు నొక్కి చూసినప్పుడు నాకు సంతోషం వేసింది. ఆయన పక్కనే తల దించుకుని నిలబడి ఉన్నా వేసింది. సిగ్గుగా ఉంది.

మే 24

పొద్దున బావి దగ్గర అత్త నా భుజం పట్టుకుంది. నీకు పోబుద్ధి గాకుంటే ఫికర్ వద్దు బిడ్డా, నాలుగు తిప్పెయ్యి, ఆమెనే వద్దంటది, ఎవ్వలకు ఎరుకైతది, నేను కైలాసానికి గూడ చెప్ప, అంది. ఈ ఏడేళ్లలో అత్త నాతో ఇంత మెత్తగా మాట్లాడటం ఎరగను.

నిన్నటి నుంచి నేనూ అదే అనుకుంటున్నాను. మణికట్టు ఒక్కసారి తిప్పితే చాలు. ఇంట్లోనే ఉంటాను. స్వరూప నా చీర కొంగు పట్టుకునే పడుకుంటుంది. రెండేళ్లంటే దానికి ఏడు వస్తాయి, పాలపళ్లు ఊడతాయి. ఇంట్లో ఉంటే మాత్రం దానికి ఏం పెడతాను? మగ్గం నడుస్తుందా అంటే, నడవదు.

అసలు నాకు పోవాలని ఉందా? ఉంది. కొంచెం ఉంది. పిల్లను చూస్తే లేదు.

ఖాలాను అడిగాను. మొదటి ఆర్నెల్లు ఏడుస్తవ్, తర్వాత పనిల పడి మర్చిపోతవ్, అంది. నువ్వు పోయినప్పుడు నీ పిల్లలు ఎంతెంత ఉన్నారని అడిగితే టేప్ రికార్డర్ పెట్టింది.

ఆయన ఇంకా మాట్లాడట్లేదు. పో అనడు, వద్దనడు. దీనికంటే గరిట విసిరినా బాగుండేది.

మే 25. బుధవారం

పొద్దున స్వరూపకు జడ వేయబోతుంటే ఆయన వచ్చి నా చేతిలో దువ్వెన తీసుకున్నాడు. పిల్లను మగ్గం ముందు పీట మీద కూర్చోబెట్టుకున్నాడు. నేను చూపిస్తానంటే, వద్దు, నన్నే చెయ్యనియ్యి, అన్నాడు. మూడు రోజుల తర్వాత అదే మొదటి మాట.

పాపిట తీయడానికే చాలాసేపు పట్టింది. అల్లాడు, విప్పాడు, మళ్లీ అల్లాడు. నాయినా నొస్తాంది అని స్వరూప రెండుసార్లు కయ్యిమంది. అయిపాయె బిడ్డా, అయిపాయె, అంటూ మూడోసారి అల్లి ఎర్ర రిబ్బన్లు కట్టాడు.

దగ్గరికి పోయి చూశాను. రెండు జడలు. కుడి పక్కదెంతో ఎడమ పక్కదంతే, వెంట్రుకవాసి తేడా లేదు.

తర్వాత నా వైపు చూడకుండానే అడిగాడు, తలంటు పోసే ముందు దీనికి ఏ నూనె రాస్తవ్, ఎంతసేపు ఉంచుతవ్, అని. చెప్పాను. సరే అన్నాడు. పోయి ట్రంకు తెరిచి, పెళ్లి చీర కింద నుంచి నా పాస్‌పోర్టు తీసి, రేపటి సంచిలో పెట్టాడు.

నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

మే 26

నలభై పోశాను. ఒక్కటీ తిప్పలేదు.