పేరు పెట్టి పిలిచాను

బరంపురం,
శుక్రవారం.

చిరంజీవి జోగారావును మీ అమ్మ దీవించి రాయునది.

నీ ఉత్తరం అందింది. ఇక్కడ మేమిద్దరం ఇంట్లోనే ఉన్నాం, వేళకింత తింటున్నాం. అక్కడ సూరత్‌లో నువ్వు కూడా ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటున్నావని తలుస్తాను. నా చేతిరాత చూడగానే నీ గుండె గుభేలుమని ఉంటుంది. మన ఇంట్లో ఉత్తరాలు రాసేది మీ నాన్న. చివర్న "అమ్మ దీవెనలు" అని నా వంతు కూడా ఆయనే రాసి పడేస్తారు. నేను మా పుట్టింటి ఊరు రంభలో అయిదో తరగతి దాకా తెలుగు చదివానంటే మీ ఇద్దరికీ నవ్వులాట. ఇవాళ ఆ చదువే అక్కరకొచ్చింది. ముందే చెబుతున్నాను, మీ నాన్న బతికే ఉన్నారు. ఆ మాట గుర్తు పెట్టుకుని మిగతాది చదువు.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాసేస్తాను. గాలికి మునగచెట్టు పడిపోలేదు, ఒక కొమ్మే విరిగింది. ఠాకూరాణి అమ్మవారి యాత్ర ఈ ఏడు లేదు, వచ్చే ఏడు. మీ మిల్లుకే వస్తున్న కాసులుగాడి చేతికిచ్చి పంపిన కందిపొడి నీ దాకా రాలేదంటే వాడే దారిలో తినేసి ఉంటాడు, వాడి సంగతి నాకు తెలుసు. ఇక నాన్న ఎందుకు రాయడం లేదు, నా మీద ఇంకా కోపమేనా అని అడిగావు. గేట్ బజార్ బట్టల కొట్లో తన పక్కన కూర్చోకుండా మగ్గాల మిల్లుకు పోయావని ఆయనకు కోపం ఉన్నమాట నిజమే. కానీ ఉత్తరం మానేసేంత కోపం కాదు. ఆయన కుడిచెయ్యి సరిగ్గా లేవడం లేదు నాయనా.

పోయిన నెల, నాన్నతో పాటు కొట్లో పనిచేసే మన సూరన్న చేత "అంతా బాగే" అని కార్డు రాయించింది నేనే. నువ్వు రైల్లో రెండు రోజులు ఒక్కడివీ ఆ భయంతో కూర్చుంటావని అసలు సంగతి రాయించలేదు. అదొక్కటే కాదు. నీకు రాసేస్తే అది నిజమైపోతుందేమోనని భయపడ్డాను.

ఎండలు మండిపోతున్న రోజులు. కొట్లో ఎవరికో చీరలు పరిచి చూపిస్తూ మీ నాన్న రెండు చేతులతో తల పట్టుకున్నారట. "సూరన్నా, తల బద్దలైపోతందిరా" అని బట్టల తాను మీదే కూలబడిపోయారట. వాంతి కూడా అయిందట. సూరన్న రిక్షాలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. చూడగానే వడదెబ్బ అనుకున్నాం. మన ఇళ్ళల్లో వడదెబ్బకి ఏం చేస్తారో అన్నీ చేశాం. తల మీద తడిగుడ్డ వేశాను, అరికాళ్ళకు ఉల్లిపాయ రుద్దాను, చద్దన్నం కుండలోంచి చల్లని తరవాణి ఒంచి, ఉప్పు వేసి తాగించాను. పడుకుంటే సర్దుకుంటుందిలే అని కూర్చున్నాం. పొద్దు వాలేవేళ మళ్ళీ తాగిస్తే సగం నీళ్ళు పెదవి కుడివైపు నుంచి కారిపోయాయి. అవి కారుతున్న సంగతి ఆయనకు తెలియడం లేదు. సూరన్న నా మొహం చూశాడు, నేను వాడి మొహం చూశాను. అప్పటికప్పుడు మళ్ళీ రిక్షా ఎక్కించి తీసుకుపోయాం.

పెద్దాసుపత్రిలో తలకి ఫోటో తీయించి చూశారు. రక్తపోటు హెచ్చి లోపల నరం చిట్లిందనీ, మెదడులో రక్తం కారిందనీ డాక్టరు చెప్పాడు. చిన్నవాడు, ఒడియా అబ్బాయి, నెమ్మదిగా చెప్పాడు. పోటుకి మాత్రలు వేసుకునేవారా అని అడిగాడు. ఒంట్లో బాగానే ఉంటే మందెందుకని ఆయన ఎప్పుడో మానేశారు, నేనూ పోనీలే అనుకున్నాను. మళ్ళీ రక్తం కారితే మాత్రం ఎవరి చేతిలోనూ ఉండదన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు భయం తప్ప ఇంకోటి తెలియదు. ఆయన ఊపిరి ఒకటి ఆలస్యమైతే నా ఊపిరి ఆగిపోయేది.

ఆసుపత్రిలో చేరాక ఆయన మళ్ళీ కళ్ళు తెరవలేదు. ముక్కులో గొట్టం, చేతికి సీసా. నర్సమ్మ వచ్చినప్పుడల్లా ఆయన పేరు పెట్టి గట్టిగా పిలిచేది, భుజం మీద తట్టేది. ఉలుకూ పలుకూ లేదు. సూరన్న పిలిచాడు, కొట్టు షావుకారు వచ్చి పిలిచాడు. ఒక పొద్దున డాక్టరు నా వైపు తిరిగి, ఈయన్ని చిన్నప్పుడు ఇంట్లో ఎలా పిలిచేవారో అలా పిలవండి, బాగా దగ్గరి గొంతు కావాలి అన్నాడు. మీ నాయనమ్మా లేదు, మీ మేనత్తా లేదు. నువ్వు సూరత్‌లో ఉన్నావు. అందరూ నన్నే చూస్తున్నారు.

నీకు తెలుసు కదా, నేను ఆయన పేరు ఏనాడూ నోటితో అనలేదు. ఎవరైనా కాశీకి వెళ్ళారంటే నేను గంగకు వెళ్ళారంటాను. అప్పుడు నువ్వూ నాన్నా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుకునేవారు. నవ్వితే నవ్వారు. పేరు పెట్టి పిలిస్తే మొగుడి ఆయుష్షు తరిగిపోతుందని మా అమ్మ చెప్పింది, వాళ్ళమ్మ ఆవిడకి చెప్పింది. ప్రాణం ఇంత సన్నపు దారానికి వేలాడుతున్నప్పుడు నేనే దాన్ని తెంపేస్తానా అని మంచానికి దూరంగా జరిగాను.

సూరన్న నా పక్కకి వచ్చి నెమ్మదిగా, "వదినా, నువ్వే పిలాల. ఇంకెవులున్నారు?" అన్నాడు.

వాళ్ళందర్నీ అటు తిరగమన్నాను. ఆయన చెవి దగ్గర వంగాను. మీ నాయనమ్మ రోజూ పొద్దున్నే ఎలా లేపేదో అలాగే, ఆ రాగంతోనే, "ఒరే కాశీ, లెగరా, తెల్లారిపోనాది" అన్నాను. మొగుణ్ణి ఒరే అన్నాను నాయనా. ఈ కాయితం మీద ఆయన పేరుగా ఆ మాట రాయడానికి కూడా రెండుసార్లు కలం పక్కన పెట్టాను.

ఆయన కనురెప్పలు కదిలాయి. పెదాలు కదిలాయి. "లెగుస్తన్నానే అమ్మా" అన్నారు.

నర్సమ్మ నన్ను కావిలించుకుంది. సూరన్న వరండాలోకి వెళ్ళి ఏడ్చాడు. ఆ తర్వాత ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. గొట్టం తీసేశారు, గంజి మింగారు, పట్టుకుంటే కూర్చున్నారు. ఇంటికి తెచ్చుకున్నాం. చేతికి పని చెప్పాలని డాక్టరు ఒక రబ్బరు బంతి ఇచ్చాడు. పిసకమంటే, నేనేమైనా చంటిపిల్లాడినా అని విసిరికొట్టారు. అప్పుడు సూరన్న కొట్లోంచి కట్‌పీసులు మూట కట్టి తెచ్చి ఒళ్ళో పోశాడు. బట్ట తగిలేసరికి ఆ చేతికి బుద్ధొచ్చింది. అంచుకి అంచు కలిపి, మడత పెట్టి, నిమిరి పక్కన పెడుతున్నారు. కుడిచేత్తో మడత వంకరగానే వస్తుంది, వస్తే చాలు.

ఇప్పుడు రాయబోయేది సూరన్నకి కూడా చెప్పలేదు. డాక్టరుకీ సగమే చెప్పాను. మీ నాన్న నన్ను వాళ్ళమ్మ అనుకుంటున్నారు.

ఆ పొద్దున అమ్మా అన్నది మత్తులో అనుకున్నాను. మత్తు దిగింది గానీ ఆ పిలుపు దిగలేదు. అన్నం పెడితే అమ్మా, నీళ్ళిస్తే అమ్మా. మనుషులున్నప్పుడు మాట తక్కువ కాబట్టి ఎవరూ పట్టుకోలేదు. ఒకరోజు గంజి తాగిస్తుంటే గుమ్మం వైపు చూసి, "అమ్మా, అదేదే? నా మీదలిగి రంభెల్లిపోనాదా?" అని అడిగారు. అది అంటే నేను. గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చున్నది నేను. "వస్తాదిలే, నువ్వు తాగు" అన్నాను. ఇంకేమనగలను?

మనిషికి మాటలు తిన్నగా చెప్పాలి, ఎవరు ఏమవుతారో గుర్తు చేస్తూ ఉండాలి అని ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చెప్పాడు. నేనూ ఒకసారి ధైర్యం చేసి చెప్పాను. నేను మీ అమ్మను కాను, మీ అమ్మ పోయి చాలా ఏళ్ళయింది, నేను సీతాలుని అన్నాను. ఆయన తల పట్టుకుని, మాయమ్మ ఏది, మాయమ్మను ఏం చేశారు అని వణికిపోతూ ఏడ్చారు. పక్క వీధి కంపౌండరు పరిగెత్తుకొచ్చి చూస్తే పోటు ఆకాశానికి ఎక్కి ఉంది. ఇంకో నరం చిట్లుతుందేమోనని ఆ పూటంతా ఆయన మూతి ఏ పక్కకి తిరుగుతుందో చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నిజం చెబితే ప్రాణం పోతుంది, చెప్పకపోతే నేను పోతాను. మీ నాయనమ్మ లాగే కాశీ అని పిలుస్తూ, ఆవిడలాగే గద్దిస్తూ మందు మింగిస్తున్నాను. బతికుండగానే నేను ఆయనకు లేకుండా పోయాను. ఇక ఎప్పటికీ ఇంతేనేమోనని ఎంత భయమేసిందో నీకు ఎలా రాయను?

నవ్వొచ్చే సంగతి కూడా ఒకటుంది. నా మీద చాడీలు నాకే చెప్పేవారు. అది మంచిదేగానీ నోరెక్కువట. కూరలో కారం తగ్గించమంటే వినదట. మీ నాయనమ్మ నన్ను పెట్టిన ఆరళ్ళు నీకు తెలియవు, ఆవిడ ముందు ఆయన నా వైపు ఒక్క మాట అనడం నేనెప్పుడూ వినలేదు. అలాంటి మనిషి మొన్న నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, అదొస్తే దాన్నేటీ అనకే. నాకోసమే ఊరొగ్గేసి వచ్చింది" అన్నారు. అలాగేలే, అననులే అన్నాను. అవతలికి పోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

నిన్న పొద్దున సూరన్న కట్‌పీసులు తెచ్చాడు. ఇద్దరూ వరండాలో కూర్చుని మడతలు పెడుతున్నారు. నేను మాత్ర, నీళ్ళు పట్టుకెళ్ళి అలవాటు చొప్పున, "కాశీ, మాత్ర మింగరా" అన్నాను. మడత పెడుతున్న చెయ్యి ఆగిపోయింది. ఆయన సూరన్న వైపు చూశారు, తర్వాత నా వైపు చాలాసేపు చూశారు. మొహం ఎర్రబడింది. మళ్ళీ పోటు ఎక్కుతోందని నా పైప్రాణాలు పైనే పోయాయి.

"ఒలే, మతిపోనాదేటి నీకు? పరాయోడి ముందర మొగుణ్ణి పేరెట్టి పిలుస్తావా? మాయమ్మ ఇంటే ఏటనుకుంటాది?"

నా చేతిలో గ్లాసు జారిపోయింది. కొంగు తల మీదికి లాక్కుని "తప్పైపోనాది" అన్నాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన తిడితే నాకు అంత సంతోషం కలగడం ఇదే మొదలు. వంటింట్లో గోడకానుకుని తనివితీరా ఏడ్చాను. మీ నాయనమ్మ ఆయన మనసులో ఇంకా బతికే ఉంది, ఉండనీ. నేనూ ఉన్నాను.

అయినా నా భయం పోలేదురా. మాత్ర ఒక్కరోజు కూడా మానకూడదని, మళ్ళీ రాదని మాట ఇవ్వలేనని డాక్టరు అన్నాడు. మళ్ళీ ఆయన కళ్ళు మూసుకుని పలక్కుండా పడుకుంటే నేనేమని పిలవను? పేరు పెట్టి పిలవొద్దని ఆయనే అన్నారు. కాదని పిలిచినా, లేచేది వాళ్ళమ్మ కోసం, నా కోసం కాదు. నా దగ్గర ఇంకో పిలుపు లేదు.

నీ దగ్గర ఉంది. ఆయన చెవి దగ్గర నాన్నా అని ఇంకా ఎవరూ పిలవలేదు. నువ్వు బయల్దేరి రా.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న
మీ అమ్మ,
సీతాలు.