ఎల్డర్ ఏటి రెండు గట్లు

మోంటానా రాష్ట్రంలో ఎల్డర్ ఏటి ఉత్తరపు గట్టున కాపురముంటున్న, కీర్తిశేషులు హెన్రిక్ గ్రోన్‌వోల్డ్ పెద్ద కుమార్తె మటిల్డా అను నేను, ఒంట్లో ఓపిక తగ్గినా బుద్ధిలో తేడా లేకుండా, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా రాస్తున్న వీలునామా. చేపల్ని ఏమార్చే గోరంత ఉత్తుత్తి ఈగను ఈకలతో, సన్నదారంతో ఇప్పటికీ నేనే కట్టుకుని గాలానికి తగిలించుకుంటున్నాను. నా మతి మీద అనుమానం ఉన్నవాళ్లు వచ్చి ఒకటి కట్టి చూపించవచ్చు. మా నాన్న వీలునామా రాయకుండా పోయాడు. దాని ఫలితం అక్కచెల్లెళ్లం ఇద్దరమూ అనుభవించాం కనుక నేను రాసి పోతున్నాను.

1. దీన్ని అమలు జరపవలసినది నా చెల్లెలు లీనోరా కూతురు ఆస్ట్రిడ్. "పెద్దమ్మా, నాకు కోర్టు భాష రాదే" అంది. రాకపోవడమే మేలు. అది బాగా వచ్చినవాళ్లే మా నాన్న ఆస్తిని పంచారు.

2. ఇల్లు, అందులోని సమస్త సామానూ దానవిక్రయాది సర్వహక్కులతో ఆస్ట్రిడ్‌కు చెందవలెను. బంగాళాదుంప రొట్టెలు కాల్చే పెనం మాత్రం లీనోరాకు. దాని రొట్టెలు మాడతాయి. తప్పు తన పెనానిదేనని ఇన్నాళ్లూ వాదించింది, ఇక చూసుకోమనండి.

3. మా నాన్న స్వయంగా వెదురు చీల్చి, అతికించి చేసిన గాలపు కర్ర. ఇది రెండు ముక్కలు. ఒకదానిలో ఒకటి దిగేసి వాడాలి. నాన్న పోయాక పొలాన్ని ఏటి వెంబడి పంచారు: ఉత్తరపు గట్టు నాకు, దక్షిణపు గట్టు లీనోరాకు. కర్ర దగ్గరికొచ్చేసరికి ఇద్దరమూ పట్టు విడవలేదు. "సగం నాకు పడెయ్యి, మిగతా సగంతో నువ్వు ఊరేగు" అంది లీనోరా. నిజంగానే పిడి ముక్క నేను తెచ్చుకున్నాను, కొస ముక్క అది పట్టుకుపోయింది. రెండూ రెండిళ్లలో గోడకెక్కాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి మాటల్లేవు.

అయినా కొన్న కర్రలతో ఏటికి రావడం ఇద్దరమూ మానలేదు. ఎండాకాలం అందరూ వస్తారు. ఆకులు పసుపెక్కి, చలి మొదలై, సన్నటి జల్లు పడే మధ్యాహ్నాల్లో చిన్న మేఫ్లై ఈగలు నీళ్లలోంచి లేస్తాయని తెలిసినవాళ్లం తక్కువ. రెక్కలు ఆరేదాకా అవి తెరచాప ఎత్తిన పడవల్లా నీటిమీద కొట్టుకొస్తాయి. ట్రౌట్ చేపలు మూతి మాత్రం పైకి పెట్టి వాటిని అందుకుంటాయి. ఆ గట్టున అది, ఈ గట్టున నేను, మధ్యన చేపలు.

ఒక అక్టోబరులో పెద్ద చేప ఒకటి నా కాళ్ల ముందే లేస్తోంది. నా ఈగ దగ్గరికి వస్తుంది, చూస్తుంది, పోతుంది. ఎన్ని మార్చినా అంతే. అవతలి గట్టునుంచి కేక: "అక్కా! అది ఈగా, పిచ్చుకా? చూడలేక చస్తున్నా, చిన్నది కట్టు!"

మా మాటలు ఆగిపోయాక దాని నోట నేను విన్న మొదటి మాట అది. ఏడుపు రావలసింది, కోపం వచ్చింది. "నా దగ్గర అంతకన్నా చిన్నది లేదు. అంత గొప్పదానివి, నువ్వే తెచ్చియ్యి" అన్నాను.

తెస్తుందనుకోలేదు. నడుంలోతు నీళ్లలోకి దిగింది. నడిమధ్యన కాలు జారింది, టోపీ కొట్టుకుపోయింది. నేను ఎదురెళ్లి జబ్బ పట్టుకున్నాను. పళ్లు టకటకలాడుతుంటే గుప్పిట విప్పింది. అరచేతిలో నువ్వుగింజంత ఈగ. "టోపీ పోతే పోయింది, దీన్ని వదల్లేదు. కట్టుకో, చేప వెళ్లిపోతుంది" అంది. అంత చిన్న కన్నంలోకి దారం నాకు ఎక్కలేదు. అదే కట్టింది. చేప పడింది. మాకు కావలసింది పట్టడమే, ఇద్దరమూ కలిసి దాన్ని తిరిగి నీళ్లలోనే వదిలేశాం. ఆ సాయంత్రం నా గౌను వేసుకుని నా పొయ్యి ముందు కాఫీ తాగింది. మర్నాడు కొస ముక్క తెచ్చింది. ఇన్నేళ్ల తేమకు ఉబ్బి ఉంటుందని భయపడ్డాను. చక్కగా దిగింది.

ఆ కర్ర నా తదనంతరం లీనోరాకు, ఆమె తరువాత ఆస్ట్రిడ్‌కు చెందవలెను. ముక్కలు చేసి పంచే హక్కు ఎవరికీ లేదు.

4. ఉత్తరపు గట్టు భూమి కూడా ఆస్ట్రిడ్‌కే. గేటుకు తాళం వేసి ఏటిని సొంతం చేసుకోవాలని చూసే చేపలవేట క్లబ్బువాళ్లు మళ్లీ వస్తారు. వాళ్లకు కాఫీ ఇవ్వవచ్చు, భూమి ఇవ్వరాదు.

5. పొరుగున ఉన్న ఆర్విల్ ప్రూయిట్‌కు నా వానకోటు. "వానపామును గుచ్చితే పోయేదానికి ఈ తిప్పలేంటమ్మా" అని జీవితమంతా వెక్కిరించాడు. వెక్కిరిస్తూనే ప్రతి ఏడూ తడుస్తూ చివరిదాకా నిలబడి చూశాడు.

6. కోడిపుంజు మెడ ఈకలు, పట్టుదారాలు, ఈగలు కట్టే బల్ల లీనోరాకు. ఒసే, కట్టేటప్పుడు కళ్లజోడు పెట్టుకో. పెట్టుకుంటే ముసలిదానివైపోవు, ఎప్పుడో అయ్యావు.

7. నా అంత్యక్రియలు మన లూథరన్ చర్చిలో పొద్దున్నే ముగించవలెను. అది ఆకులు రాలే కాలమై, ఆకాశం మబ్బు పట్టి ఉంటే పాస్టరుగారు ప్రసంగం కుదించవలెను. లీనోరా కిటికీవైపు చూస్తే ఎవరూ తప్పు పట్టరాదు. "లే అక్కా, పోదాం" అనే మాట దాని నోటిదాకా వస్తుంది. ఈసారి అది ఒక్కతే వెళ్లాలి. వెళ్లి తీరాలి. ఏడవడానికి చలికాలమంతా ఉంది. ఈగలు ఆ మధ్యాహ్నమే ఉంటాయి.

1987 అక్టోబరు 9న, చదివి, సరిచూసుకుని, నా చేతితో సంతకం చేశాను.

(సం.) మటిల్డా గ్రోన్‌వోల్డ్

మా కళ్లెదుట సంతకం చేసినందుకు సాక్షులు:
డోరిస్ మెక్‌ఆలిస్టర్, పోస్టుమిస్ట్రెస్
లైల్ హామండ్, పశువైద్యుడు