పిన్ని ఫియట్ గొంతు

అశోక్ నగర్,
హైదరాబాదు.

మా త్రిపుర పిన్నికి,

మెసేజ్ పెడితే కళ్లజోడు కనపడలేదంటావు, ఫోన్ చేస్తే వినపడదంటావు. అందుకే నీ దారికొచ్చి కాగితం మీద రాస్తున్నాను. కాకినాడలో మామయ్య ఇంట్లో గాలి బాగుందని నువ్వు రాసిన కార్డు అందింది. దాని చివర, పాత బట్టలు ఇచ్చెయ్యమన్నంత తేలిగ్గా, ఫియట్‌ని ఆ రాంనగర్ హోటల్ అతనికి ఇచ్చెయ్యమన్నావు. అతను ఇంజను పీకించేసి, కారుని గుమ్మం ముందు బొమ్మలా నిలబెట్టి, బానెట్ మీద పూలకుండీలు పెడతాడట. నాకు ఒళ్లు మండింది. నేను ఇవ్వను పిన్నీ. నెలాఖరుకి అతనికి జవాబు చెప్పాలి. ఆలోగా దాన్ని నడిపించి చూపిస్తాను.

నువ్వు గాలి మార్పు కోసం వెళ్లలేదని నాకు తెలుసు. ఆ రోజు ఏం జరిగిందో నువ్వు చెప్పలేదు గానీ, చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర జామకాయలమ్మే మాసమ్మ చెప్పింది. ఇంజను లోపల సుత్తితో కొడుతున్నట్టు ఒకటే చప్పుడట. రోడ్డుకి అటూ ఇటూ జనం ఆపమని చేతులు ఊపారట. "నేను గూడ ఆగమని చెయ్యి ఊపిన. అమ్మ నవ్వి నాకు టాటా చెప్పి పోయింది" అంటూ కళ్లు తుడుచుకుంది. అసలు ఆ కారుని చూసి చెయ్యి ఊపని వాళ్లెవరు మన పేటలో? ఎప్పటిలాగే పలకరిస్తున్నారని నువ్వూ అనుకున్నావు. నారాయణగూడ చౌరస్తాలో ఇంజను పట్టేసి ఆగిపోయేదాకా అందరికీ తిరిగి చెయ్యి ఊపుతూనే వెళ్లావు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే రోజుల నుంచీ నువ్వు తప్ప ఇంకొకరు నడపని కారు. అది అంత మొత్తుకున్నా వినలేదని, నీ చేతులతో నువ్వే చంపుకున్నావని కదూ నీ బాధ? నీ బాధ నాకు అర్థమైంది. దానికి నువ్వు వేసుకున్న శిక్షే నచ్చలేదు.

మెకానిక్ కరుణాకర్ ఇంజను విప్పాడు. ఇంజనులో తిరిగే ఇరుసుని, అదే క్రాంకు షాఫ్టుని, పట్టి ఉంచే బేరింగులు అరిగి రేకుల్లా అయిపోయాయి. క్రాంకుని సానపట్టొచ్చు గానీ, ఆ కాలపు బేరింగులు ఇప్పుడెక్కడివి, ఏదైనా కొత్త కారు ఇంజను పెట్టేద్దాం అన్నాడు. అప్పుడది నీ ఫియట్ ఎలా అవుతుంది? చెప్పులరిగేలా తిరిగాను. చివరికి నారాయణగూడ సందులో కిషన్ రావు గారని ఒకాయన దొరికారు. పాత కార్ల సామాన్ల కొట్టు. మూసేసి చాలా కాలమైనా సరుకు మాత్రం పై గదిలోనే ఉంచుకున్నారు. అడగ్గానే లేవన్నారు. అందరికీ ముందు లేవనే అంటారట. ఏ బండిలోకి వెళ్తుందో తెలియనిదే ఆయన సామాను బయటికి తియ్యరు. "పాతది తీస్కరా బిడ్డా. చేతిల పట్టుకుంటే బండి ఎట్ల బతికిందో తెలుస్తది" అన్నారు.

తీసుకెళ్లాను. కిటికీ దగ్గర నిలబడి బొటనవేలితో చాలాసేపు తడిమారు. "చానా ఏండ్లు పాణం లెక్క చూస్కున్నరు. ఆఖరి దినమే ఆగమైంది" అన్నారు. ఈ మాట రెండుసార్లు చదువు పిన్నీ, నీకోసమే రాశాను. తర్వాత పైకి వెళ్లి మైనపు కాగితపు పొట్లం ఒకటి తెచ్చారు. సానపట్టాక క్రాంకుకి సరిగ్గా సరిపోయే కొలత. నేను పుట్టకముందు ఎవరో గ్రీజు పూసి, మడతలు పెట్టి చుట్టినవి. ఆయన గుడ్డతో ఒక్కసారి తుడిచేసరికి నా ముఖం కనపడింది అందులో. ఇన్నేళ్లూ అవి నీ కారుకోసమే చీకట్లో కూర్చున్నాయనిపించింది.

నీ మొండిఘటం,
ఆమని

అశోక్ నగర్.

పిన్నీ,

నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. అలిగావేమో. అయినా రాయకుండా ఉండలేను.

ఇవాళ నీ ఫియట్ స్టార్టయింది. కరుణాకర్ షెడ్డుకి కిషన్ రావు గారు భార్య మనోరమ గారితో సహా వచ్చారు. మొదట దగ్గింది, ఆగింది, మళ్లీ దగ్గింది. తర్వాత ఆ పాత గొంతు అందుకుంది. చిన్నప్పుడు మేడ మీద ఆడుకుంటూ, నువ్వు సందు మలుపు తిరగకముందే పిన్ని వస్తోందని చెప్పేదాన్నే, ఆ గొంతే. కొంచెం కూడా మారలేదు. కిషన్ రావు గారు కర్రపిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని ఇంజను మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. లోపల ఏ భాగం ఎలా ఉందో పాతవాళ్లు అలాగే వింటారట. నన్నూ వినమన్నారు. పిన్నీ, ఎలా చెప్పను? ఇంజను బయట లేదు, నా తలలోనే తిరుగుతోంది. ఒక్కొక్క దెబ్బా విడివిడిగా, శుభ్రంగా వినపడింది. నేను ఏడ్చేశాను. కరుణాకర్ భయపడి ఇంజను ఆపేశాడు.

మేడం ఎందుకు రాలేదని మనోరమ గారు అడిగారు. ఆవిడ కాలేజీలో నీ శిష్యురాలేనట. నీ చెవి లోపలి చిన్న ఎముకలు బిగుసుకుపోయాయనీ, నరం మాత్రం బాగానే ఉందని డాక్టరన్నాడనీ, వినికిడి మెషిన్ పెట్టుకుంటే వీధంతా చెవిలో దూరి పోట్లాడుతోందని దాన్ని డబ్బాలో పడేశావనీ చెప్పాను. ఆవిడ నా చేతిలోని స్క్రూడ్రైవర్ వంక చూశారు. "మేడం మమ్మల్ని చెవులు గట్టిగ మూసుకోమని, ట్యూనింగ్ ఫోర్కు కొట్టి దాని కాడ మా పళ్ల నడుమ పెట్టేది. నెత్తి లోపల మోగేది. అందరికి నేర్పింది, తనకే యాదికి రాలేదా?" అన్నారు.

నాకు ఫిజిక్స్ రాదు. నీకు వచ్చు. ఇంక నీ ఇష్టం.

ఆమని

కాకినాడ.

చిరంజీవి ఆమనికి పిన్ని ఆశీస్సులు.

అలగలేదే. నీ మొదటి ఉత్తరానికి ఏం రాయాలో తెలియక, పదే పదే చదువుకుంటూ కూర్చున్నాను. రెండోది చదివి మాత్రం కూర్చోలేకపోయాను.

మీ అత్తయ్య వంటింట్లో మిక్సీ తిప్పుతోంది. నాకు అదొక కదిలే బొమ్మ, అంతే. చెక్క గరిటె తీసుకుని ఒక కొస మిక్సీకి ఆనించి, రెండో కొస పళ్లతో పట్టుకున్నాను. మీ అత్తయ్య కెవ్వుమనే ఉంటుంది, నోరు తెరవడం చూశాను. అది నాకు వినపడలేదు. కానీ కొబ్బరి నలగడం వినపడింది ఆమనీ! ముందు గరగరలాడి, తర్వాత మెత్తబడి, నీళ్లు పోశాక గొంతు మార్చుకోవడం కూడా. పచ్చడి అయిపోయినా తిప్పుతూనే ఉండమని సైగ చేశాను. ప్రపంచం నా కోసం గుమ్మం బయటే నిలబడి ఉంటే, ఒక తలుపు మూసుకుపోయిందని నేను రెండో తలుపు తియ్యడం మానేశాను. ఇన్నేళ్లు శృతిదండం పట్టుకుని నిలబడి పిల్లలకి చెప్పిన మాట, నా తలకే ఎక్కలేదు. మనోరమ మొదటి బెంచీలో కూర్చునేది, నాకు గుర్తుంది. ఇంక మార్కులు వేయించుకోవాల్సింది నేనే.

ఆదివారం పొద్దున బండికి వస్తున్నాను. సికింద్రాబాదు స్టేషనుకి ఆ కర్రపిడి స్క్రూడ్రైవర్ అడిగి పట్టుకురా, పిడి బాగా కడిగి. హోటల్ అతనికి పూలకుండీలు నేల మీద పెట్టుకోమని చెప్పు. డబ్బాలో ఉన్న మెషిన్ కూడా తీసుకొస్తున్నాను, దానితోనూ ఒకసారి పోట్లాడి చూస్తాను. కారు నేనే నడుపుతాను, నువ్వు మాత్రం పక్కనే కూర్చోవాలి, చప్పుడు తేడాగా ఉంటే నా భుజం గిల్లాలి.

ముందుగా చిక్కడపల్లి వెళ్దాం. మాసమ్మ చెయ్యి ఊపితే ఈసారి ఆగుతాను.

నీ
త్రిపుర పిన్ని