నలుగురున్న ఫోటో

మే 11, ఆదివారం

డుం డుం డుం. పద్మారావు నగర్ పార్కు ఎనక గల్లీల ఉండే పెద్దలు, పిల్లలు, కుక్కలు అందరూ ఇనుండ్రి. పదో తరగతి రెండుసార్లు తప్పి, మూడోసారి హాల్‌టికెట్ తెచ్చుకోనికి సుత పోని బిక్షం అనే నేను, బిక్షం టెంట్ హౌస్ ప్రొప్రైటర్‌ను, ఈ దినం జారీ చేసిన హుకుం: ఉస్మానియా బిస్కెట్‌ను చాయ్‌ల సగం వరకే ముంచవలెను. మొత్తం ముంచి, ఇరగ్గొట్టి, కప్పు అడుగున బురద చేసి తాతకు అప్పజెప్పేవారు సొంత మనవరాలైనా శిక్షకు పాత్రులు.

మనవరాలే. చైత్ర. మూడేండ్లు. శిక్ష ఏందంటే నేను పెట్టే ముద్దు. గడ్డం గీస్కోలే. కెవ్వుమని ఉరికింది.

కల్పలత ఇద్దరు పిల్లల్ని ఏస్కొని మారేడ్‌పల్లి నుంచి వచ్చింది. నాకున్నది ఒక్క బిడ్డ. ఫారిన్ టూర్ పోతం డాడీ అన్నది. ఉత్త బీచ్‌లు, మాల్స్ వద్దంట. కల్చర్ ఉన్న జాగ కావాలంట. పిల్లలకు మెమొరబుల్‌గ ఉండాలంట. చిన్నోడు రుత్విక్‌కు ఇంకా ఏడాది నిండలే. ఆ కాళ్లు వానివేనన్న సంగతే వానికి తెల్వదు, నోట్ల పెట్టుకొని చీకుతుంటడు. వానికి కల్చర్ ఏందే అన్న. నవ్వలే.

కమల ఉంటే నవ్వేది. జోకుకు కాదు, నా మొకం చూసి. మొన్ననే సంవత్సరీకం చేసినం.

మే 12

చైత్రకు ఫోన్ చేసి, నిన్న ఐస్‌క్రీమ్ ఎవరు కొనిచ్చిన్రు అని అడిగిన. యాది లేదంట. నేనే కదనే దొంగా.

మే 18, ఆదివారం

మారేడ్‌పల్లిల కల్ప ఇంట్ల రౌండ్ టేబుల్ సమావేశం. ఏ దేశం పోవాలె అని. అల్లుడు ఉదయ్ భాస్కర్ ల్యాప్‌టాప్‌ను టీవీకి పెట్టిండు. బేగంపేటల పెద్ద ఆఫీసు వానిది, ఇంట్ల పప్పు వండాలన్నా స్లైడ్లు చేస్తడు. వాళ్ల నాన్న బాబూరావు బావగారు, అమ్మ నాంచారమ్మ సుత వచ్చిన్రు. గుడివాడ దిక్కోళ్లు. మాట మీద మాట, అందులో మళ్ల గారూ.

ఉదయ్ కంబోడియా అన్నడు. వెయ్యేండ్ల కిందటి గుడంట, రాతి మీద రామాయణమంట. కల్ప బాలి అన్నది. అక్కడ చిన్నపిల్లలు సుత డాన్స్ నేర్చుకుంటరంట, ఇంటింటికీ పూలు పెడ్తరంట. నాంచారమ్మగారు శ్రీలంక అన్నది, సీతమ్మ కూర్చున్న చెట్టు చూపిస్తారటండీ అని. పిల్లల్ని ఎత్తుకపోయే దేశం వద్దులేండ్రి అన్న. బాబూరావు బావగారు ఒక్కటే అడిగిండు, అక్కడ పొద్దున్నే ఇడ్లీ దొరుకుద్దా అని. దొరకదంటే ఆయన మొకంల వెయ్యేండ్ల గుడి కూలిపోయింది.

నేను నేపాల్ అన్న. ఎవరూ పట్టించుకోలే.

నవ్వులైతే అయినయ్. కానీ ఒకటి చూసిన. కల్ప, ఉదయ్ మొత్తం రెండు గంటలల్ల ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడలే. చైత్రా, నాన్నకు చెప్పు, అంత ఎండల స్ట్రోలర్ మెట్లెక్కదని. చైత్రా, అమ్మకు చెప్పు, బాలిలో కూడా ఎండే అని. పిల్ల అటూ ఇటూ చూసి చూసి, ఆఖరికి నాకు ఆకలి అని వాళ్లిద్దరికీ చెప్పమని నన్ను పంపింది.

చేతులు కడుక్కుందామని లోపలికి పోయిన. పక్క రూంల దివాన్ మీద దిండు, దుప్పటి. ఉదయ్ కండ్లద్దాలు కిటికీల. చార్జర్ సుత అక్కడ్నే.

మే 19

కల్ప ఆఫీసుకు పోంగ దుకాణంకి రమ్మన్న. వచ్చింది. కుర్చీల చాటుకు కూసోబెట్టి అడిగిన.

ఇడిపోతున్నరంట. కొట్లాట ఏం లేదంట, మూడో మనిషి లేరంట. టూర్ నుంచి వచ్చినంక ఉదయ్ బేగంపేటల ఫ్లాట్ తీస్కుంటడంట. వాళ్లత్తమామలకు ఇంకా తెల్వదు. పోయే ముందు ఒక్కసారి నలుగురం కల్సి ఒక జాగకు పోదమనుకున్నం డాడీ అన్నది. అమ్మానాన్న ఇద్దరూ పక్కపక్కన ఉన్నట్టు పిల్లలకు ఒక్కటన్నా యాది ఉండాలె కదా అన్నది.

ఎందుకే అని అడిగిన. అమ్మ పదో దినం నాడు ఆయన పుణెకు మీటింగ్‌కు పోయిండు, యాది ఉందా అన్నది. అప్పుడు దానికి ఏడో నెల. ఆ తంతుల దానికి బట్టలు మార్పించేటప్పుడు ఎవరి చేతులు పట్టుకోవాలో తెల్వలేదంట. ఉదయ్ వందసార్లు సారీ చెప్పిండంట. వందోసారి ఇంక నాతోని కాదు అన్నడంట. దీనికీ మాఫ్ చేసుడు చేతకాలేదంట.

అల్లుడు ఆ దినం లేడన్న సంగతి నాకు ఇయ్యాలే తెలిసింది. నేను ఆ దినం ఎవర్నీ చూడలే.

ఏమన్న జోకు ఎయ్యాలని చూసిన. కుర్చీలే కనవడ్డయ్.

మే 20

డేవిడ్ రాజు వచ్చిండు. పెండ్లిళ్లకు నాది టెంటు, వానిది లైటింగు, ముప్పై ఏండ్ల దోస్తీ. నీకు అన్నిట్లకంటె పాతది ఏం యాది ఉన్నదిరా అని అడిగిన. సీరియల్ లైట్ ముట్టుకుంటె షాక్ కొట్టిందంట, బడిల ఏసినంక. గిన్నెలు కడిగే లచ్చమ్మను అడిగిన. చెల్లె పుట్టినప్పుడు బెల్లం పెట్టిన్రంట, తనకు అయిదో ఆరో. చాయ్ హోటల్ల అడిగిన. ఇస్త్రీ బండాయన్ని అడిగిన. మూడేండ్లప్పటి ముచ్చట ఒక్కడు చెప్పలే. బిక్షంకు మళ్ల ఏదో పిచ్చి లేసిందని నవ్వుకున్నరు.

అంటే ఈ టూర్ మొత్తం ఉత్తదే. చైత్రకు ఏం ఉండదు. చిన్నోనికి అస్సలే ఉండదు.

మే 22

ఉదయ్‌తోని మాట్లాడాలె. ఎట్ల మాట్లాడాలో తెల్వదు. నాకు వచ్చింది ఒక్కటే, ఫోన్ చేసి గొంతు మార్చుడు. డేవిడ్ ఫోన్ తీస్కొని, ముక్కుల మాట్లాడుకుంట, కంబోడియా ఎంబసీ నుంచి అని ఇంగ్లీష్‌ల షురూ చేసిన. అయిదేండ్లలోపు పిల్లలకు కల్చర్ టెస్ట్ ఉంటది, మీ బాబు మా ఆఫీసర్ ముంగట డాన్స్ చెయ్యాలె, ఫెయిలైతే వీసా లేదు అన్న.

ఎప్పుడూ అయితే తిట్టెటోడు. ఈసారి మెల్లగ, మామయ్యగారూ, కల్ప చెప్పేసిందాండీ అన్నడు.

ఫోన్ పెట్టేసిన. భయపడి.

మే 30

కొత్త కొట్లాట. కల్ప పోనీలే కంబోడియాకే పోదమన్నదంట, ఆయనకు ఇష్టమని. ఉదయ్ ఈలోపు బాలికి హోటల్ చూసి పెట్టిండంట, ఈమెకు ఇష్టమని. ఇప్పుడు నా కోసం నువ్వు తగ్గొద్దంటే నువ్వు తగ్గొద్దని కోపాలు. నాంచారమ్మగారు నాకు ఫోన్ చేసి, ఇదేం చోద్యమండీ అన్నయ్యగారూ, గెలవడానికి పోట్లాడతారు గానీ ఓడటానికి పోట్లాడతారా అన్నది.

ఆమెకు తెల్వదు. నాకు మాత్రం ఆ మాట ఇనంగనే ఊపిరాడింది. ఇంకా ఏదో ఉన్నది ఈ ఇద్దరి నడుమ.

ఆఖరికి కంబోడియా. చీటీ ఏసి చైత్రతోని తీపిచ్చిన్రంట. రెండు చీటీల ఏం రాసిన్రో నాకు అనుమానమే.

మే 31

ఇయ్యాల పొద్దున కమల మొక్కు యాదికొచ్చింది. దవాఖానల ఉన్నప్పుడు నా చెయ్యి పట్టుకొని చెప్పింది. పుట్టబోయే బిడ్డ పుట్టెంటికలు కొమురెల్లి మల్లన్నకు ఇయ్యాలె. మనకు కొడుకు లేడు, ఒళ్ల కూసోబెట్టుకోనికి మేనమామ లేడు. అందుకని తల్లీతండ్రి ఒక్క పీట మీద కూసోవాలె, పెండ్లినాడు ఏసినట్టు కొంగుముడి ఏసుకొని బిడ్డను పట్టుకోవాలె. ఆ మొక్కు తీర్చినంకనే సముద్రం దాటాలె. అచ్చం ఈ మాటలే చెప్పింది.

జూన్ 1, ఆదివారం

అందర్నీ కూసోబెట్టి మొక్కు ముచ్చట చెప్పిన. కల్ప నా మొకం దిక్కు చూసింది. అమ్మ నాకెందుకు చెప్పలే, నేను రోజూ పక్కన్నే ఉన్న కదా అన్నది. నీకు ఏడో నెల, భయపడ్తవని చెప్పలేదేమో అన్న. నీ ముచ్చట్లు నమ్మి ఒకసారి నేను బోనాలకు మీసం పెట్టుకొని పోయిన డాడీ అన్నది. నిజమే, ఆరో క్లాసుల.

నాంచారమ్మగారే నన్ను ఆదుకున్నది. మొక్కు మొక్కేనమ్మా, పోయిన మనిషి మాట తీర్చకుండా ఇమానం ఎక్కుతారా అన్నది. పదకొండో నెల దాటితే మళ్లీ మూడో ఏటిదాకా తియ్యకూడదు అని సుత కలిపింది. ఆ కాయిదా నాకు తట్టనే లేదు.

ఉదయ్ తల వంచుకొని కూసున్నడు. అత్తయ్యగారి పదో రోజున ఉండలేకపోయాను, ఇదైనా చేస్తానండీ అన్నడు. కల్ప లేచి కిచెన్‌లకు పోయింది. చాన సేపు నల్లా నీళ్లు పోయిన సప్పుడు.

జూన్ 8, ఆదివారం, కొమురెల్లి

ఒక్క కార్ల అందరం. ముడి నేనే ఏసిన. ఉదయ్ కండువా, కల్ప చీర కొంగు. టెంట్ కట్టి కట్టి అలవాటైన చెయ్యి, గట్టిగ పడ్డది.

పీట చిన్నది. కల్ప ఇటు జరిగింది, ఉదయ్ అటు జరిగిండు, ముడి ఇద్దర్నీ ఎనక్కి గుంజింది. మంగలాయన వీళ్లేంది బస్సుల సీటుకు కొట్లాడినట్టు కూసున్నరు, దగ్గరికి జరుగుండ్రి అని కసిరిండు. జరిగిన్రు. రుత్విక్ నీళ్లు పడంగనే గుడి ఎగిరిపోయేటట్టు ఏడ్చిండు. తల కల్ప పట్టుకున్నది, కాళ్లు ఉదయ్ పట్టుకున్నడు. కత్తి చెవి దగ్గరికి రాంగనే ఇద్దరూ ఒక్కసారే అబ్బా అన్నరు. చైత్ర చుట్టూ తిరిగి చప్పట్లు కొట్టింది.

అయినంక ఉదయ్ పిల్లగాన్ని ఎత్తుకొని నల్లా దిక్కు ఉరికిండు. ముడి మర్చిపోయిండు. కల్ప ఎనక గుంజుకుంట తూలి పడబోయింది, ఆయన ఎనక్కి తిరిగి పట్టుకున్నడు. ఇగ నిలవడ్డరు. నడుమల గుండోడు ఏడుస్తుండు. కల్ప ఏడుస్తుంది. అమ్మా అని ఏడుస్తుంది, కమలను పిల్చుకుంట. పదో దినం నాడు రావాల్సిన ఏడుపు అది. ఉదయ్ ఇయ్యాల మాత్రం ఎటూ పోలే. పోవాలన్నా ముడి ఉన్నది.

బాబూరావు బావగారు విప్పబోతే ఆయన చెయ్యి మీద కొట్టిన.

తిరిగొచ్చేటప్పుడు గజ్వేల్ దాటినంక కొత్త పరేషాన్. పాస్‌పోర్ట్ ఫోటోల రుత్విక్‌కు నెత్తి నిండ జుట్టు, ఇప్పుడు బోడిగుండు. ఎయిర్‌పోర్ట్‌ల ఆపుతరేమో అని ఉదయ్. నున్నటి గుండును కడుపుకానిచ్చుకొని, ఆపితే ఆపనీ అని కల్ప. ఆ మాట చైత్రకు చెప్పమనలే. నేరుగ ఉదయ్‌కే అన్నది.

నేను ఎనక సీట్ల నిద్రపోయినట్టు నటించిన.

జూన్ 17

ఫోటోలు వచ్చినయ్. చిన్నోన్ని ఎవ్వరూ ఆపలేదంట. రాతి మొకాలు, పెద్ద పెద్ద చెట్ల వేర్లు, వాన. కల్ప, పిల్లలు. ఉదయ్, పిల్లలు. మళ్ల కల్ప, పిల్లలు. ఫోటో తీసే మనిషి ఎప్పుడూ ఒకరు బయటే. నలుగురున్నది ఒక్కటి లేదు. ఎవరినన్న తియ్యమని అడగరాదే అని మెసేజ్ పెట్టిన. ఒక బౌద్ధ సాధువు తీసిండంట, పంపింది. అందులో చైత్ర కండ్లు మూసుకున్నది, చిన్నోడు నిద్రపోతుండు.

వాళ్లిద్దరూ మాత్రం కెమెరా దిక్కు చూస్తున్నరు. బస్సు కోసం నిలవడ్డోళ్ల లెక్క.

జూన్ 23

వచ్చిన్రు. నాకు ఒక చిన్న రాతి ఏనుగు తెచ్చిన్రు. ఏం అడగలే నేను.

జూలై 6, ఆదివారం

ఉదయ్ బేగంపేటకు మారిండు. నా టెంట్ హౌస్ ఆటోల్నే సామాను పోయింది. ఎక్కేటప్పుడు నా కాళ్లకు దండం పెట్టబోయిండు, వద్దన్న. కొమురెల్లి తీసుకెళ్లినందుకు థాంక్సండీ మామయ్యగారూ, అత్తయ్యగారికి కనీసం అదొక్కటి చేశాను అన్నడు. దేవుడా.

కల్ప పైన బాల్కనీల నిలవడ్డది. చెయ్యి ఊపలే. లోపలికి సుత పోలే.

ముడి గట్టిగనే ఏసిన. ఎక్కడ తప్పిందో.

జూలై 20

నాంచారమ్మగారు ఫోన్‌ల ఒకటే ఏడుపు. నవ్వియ్యాలని, పోనీ నేపాల్ పోదమా అని మళ్ల అన్న. ఆమె ఇంకా ఏడ్చింది.

జూలై 27, ఆదివారం

ఆదివారాలు ఉదయ్ పిల్లల దగ్గరికొస్తడు. ఇయ్యాల నేను పోయేసరికి నేల మీద కూసొని రుత్విక్‌కు నడక నేర్పిస్తుండు. కల్ప ఆయనకు చాయ్ పెట్టింది, ముంగట పెట్టి పోయింది.

టీవీల గుడి ఫోటో పెట్టి చైత్రను అడిగిన, ఇదేం ఊరే అని. తెల్వదన్నది. ఇమానం ఎక్కినవ్ కదా అంటే తెల్వదన్నది. పెద్ద రాతి మొకాలు చూసినవ్ కదా అంటే తాతా, కార్టూన్ పెట్టు అన్నది.

ఇంకేం యాది ఉన్నదే నీకు అని ఇసుక్కున్న. అది ఆలోచించింది. తమ్ముని గుండు అన్నది. అమ్మనీ నాన్ననీ కట్టేసిన్రు కదా, వాళ్లు పోవాలన్నా పోలేకపోయిన్రు కదా అని పడీ పడీ నవ్వింది.

ఉదయ్ చాయ్ తాగుడు ఆపిండు. కిచెన్‌ల గిన్నెల సప్పుడు సుత ఆగింది.

ఆగస్ట్ 3

కల్ప ఇయ్యాల మళ్ల అడిగింది. డాడీ, సచ్చీ చెప్పు, అమ్మ ఆ మొక్కు నిజంగనే మొక్కిందా అని. మొక్కింది అన్న.

మొక్కలే. కొమురెల్లి పేరు సుత ఎత్తలే. దవాఖానల కమల నాతోని అన్న ఆఖరి మాట, ఫ్యాన్ జెర తగ్గియ్యమని. చెప్పేటప్పుడు తడబడొద్దని ముందుగాల మే 31 నాడు ఈ డైరీల రాసి చూసుకున్న.