కృపావతి నామినేషన్‌ను నేను బలపరచని సంగతి

సంఘ ఎన్నికల అధికారి గారి సముఖమునకు,

అనంతగిరి మండలం, కొండమామిడి గ్రామ కాఫీ రైతుల సంఘ సభ్యుడు పాంగి ఫల్గుణ వ్రాసుకొను అర్జీ.

తేదీ: 12-12-2003

విషయం: మా సంఘ అధ్యక్ష పదవికి జరిగిన ఏకగ్రీవ ఎన్నిక రద్దుపరచి, మరల నామినేషన్లు పిలుచుట గురించి.

అయ్యా,

1. గత సోమవారం తమరి సమక్షమున మా బడి వరండాలో సర్వసభ్య సమావేశం జరిగినది. ఇప్పటి అధ్యక్షుడు, నా మేనమామ సోములు గారు మరల నామినేషన్ వేసిరి. పై గూడెం నుండి కృపావతి వేసినది. ఆమె పేరు అదే గూడెపు రవిబాబు ప్రతిపాదించగా, బలపరిచెదనని ముందే మాట ఇచ్చినవాడను నేను.

2. ఆమె నిలబడుటకు కారణం పల్పరు. కాఫీ పండ్ల తొక్క తీయు ఆ యంత్రం సంఘానిదే అయినను మా మామ పెరట్లో ఉన్నది. మా కింది గూడెం పండ్లు అయ్యేవరకు పై గూడెం ఆడవాళ్లు బస్తాలతో బయట కూర్చోవలెను. ఈలోగా వారి పండ్లు పులిసిపోవుచున్నవి. యంత్రాన్ని రెండు గూడేల నడుమ పారు గెడ్డ ఒడ్డుకు మార్పించెదనని ఆమె చెప్పినది. అది న్యాయమని నాకు తోచినది.

3. చర్చలో మామ తరపు బుధు లేచి, "ఆడమనిసి ఆఫీసుల సుట్టూ ఏటి తిరుగుద్ది?" అన్నాడు. "సంతకి బస్తాలు మోసినప్పుడు ఆడమనిసినని ఎవులూ అన్లేదే" అన్నది కృపావతి. అందరూ నవ్విరి. తమరును నవ్వితిరి.

4. పిమ్మట "బలపరిచేవారెవరు?" అని తమరు అడిగితిరి. కృపావతి నా వైపు చూసింది. మామ కూడా నా వైపే చూశాడు. నాన్న పోయాక మమ్మల్ని సాకినవాడు ఆయనే. నేను వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాను. అయ్యా, ఆ పట్టీ తెగలేదు.

తమరు మళ్లీ అడిగితిరి. "ఒరే ఫల్గుణా, బేగి లెగరా" అన్నాడు రవిబాబు. నేను లేవలేదు. పై గూడెంలో మిగతా సభ్యులు నేనున్నాననే ధైర్యంతో పండ్ల కోతకు పోయి ఉన్నారు. బలపరచువారు లేనందున ఆమె నామినేషన్ తిరస్కరించబడినది.

5. బయటికి వచ్చాక మామ నా భుజం తట్టి, "మా గుంటడు మంచోడు" అన్నాడు. ఆ మాట మొదలు నాకు అన్నం సయించుట లేదు.

6. ఇందులో తమరి తప్పు ఏమియు లేదు. మాట ఇచ్చి కూర్చుండిపోయిన సభ్యునికి నియమావళిలో ఏదైనా శిక్ష ఉన్నచో నాకు విధించవలెను. మరల నామినేషన్లు పిలిచినచో, మామ ఎదుటనే లేచి ఆమెను బలపరిచెదను.

పండ్ల కోత ముగియక మునుపే ఉత్తర్వులు ఇప్పించ ప్రార్థన. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పాంగి ఫల్గుణ

తా.క.: ఈ అర్జీ మామకు చదివి వినిపించాను. లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. తర్వాత పై గూడెం వెళ్లాను. కృపావతి వాకిట్లో పులిసిన పండ్లు ఏరి పారబోస్తోంది. అంతా విని, "మళ్లీ ఎలచ్చన్ ఎట్టిత్తే మంచిదే. మా తోటికోడలు గంగని నిలబెడతాం" అంది.

"నువ్వు నిలబడవా అక్కా?"

"నీ మొకం సూత్తా మళ్లీ నిల్సోలేను."

"అయితే గంగను బలపరుస్తాను."

"అక్కర్లేదు. మాకు ముగ్గురున్నారు" అని చేట తీసుకుని లోపలికి పోయింది.

అయ్యా, ఎన్నిక మాత్రం పెట్టించండి.