చేతుల కాగితం

జూలై 3, గురువారం

కంపెనీ గేటు దగ్గర రోజూ చేతులు చూస్తారు. గోళ్ళు, గాట్లు, గాజులు. ఈ రోజు నా దగ్గరికి వచ్చేసరికి వరస ఆగిపోయింది. చూసే అమ్మాయి కొత్తది. ముట్టుకోలేదు. పెన్నుతో సైగ చేసి అరచేతులు తిప్పమంది. వేళ్ళ సందుల్లో ఎర్రగా చీలికలు, అరచేతుల్లో పొక్కులు లేచి రాలుతున్న చర్మం... వెనకున్న వాళ్ళు కూడా మెడలు చాచి చూశారు.

"ఆంటీ, ఈ చేతుల్తో రొయ్య ముట్టకూడదు. ఇంటికెళ్ళిపోండి."

పంతొమ్మిదేళ్ళుగా ఇక్కడ చేస్తున్నాను. ఆ గేటు నుంచి వెనక్కి నడవడం ఇదే మొదలు.

సూపర్‌వైజరు గోవిందు వెనకాలే వచ్చాడు. "పిన్నీ, డాక్టరు సర్టిఫికేటు తేవాల. ఈ సోమారం కాదు, పై సోమారం సాయంత్రం దాకా సూత్తారు. తర్వాత పేరు తీసేత్తారు. నా సేతిలో ఏటీ నేదు."

పద్నాలుగో తారీకు. రాసుకున్నాను.

జూలై 4, శుక్రవారం

నూకరాజమ్మ ఫోను. రొయ్యల్ని సైజుల వారీగా ఏరే గ్రేడింగ్ బల్ల దగ్గర పదేళ్ళుగా నా పక్కన నిలబడే మనిషి.

"వొదినా, జొరమని రాయించీ. గోకుడని రాత్తే నిన్ను మళ్ళీ బల్ల కాడికి రానిత్తారేటి? పోయినేడాది నాను అలాగే రాయించీసేను గదా."

మా వీధి చివర ఆర్ఎంపీ దగ్గరికి వెళ్ళాను. నా ముఖమైనా చూడకుండానే కాగితం తీశాడు. "జ్వరమా, విరేచనాలా?" హోటల్లో ఇడ్లీయా దోసా అన్నట్టు.

జ్వరం లేదండి, చేతులండి, అన్నాను. చేతులంటే కష్టమమ్మా, అది రాస్తే మీకే నష్టం, అన్నాడు. మంచికే చెప్పాడు. లేచి వచ్చేశాను.

ఒంట్లో లేని జ్వరం ఉందని రాయించుకొచ్చి, సాయంత్రం దీపం ఎలా పెట్టను?

జూలై 5, శనివారం

మా ఆయనే వండారు. పప్పులో ఉప్పు రెండుసార్లు. అన్నం కలిపి ముద్దలు చేసి పళ్ళెంలో పెట్టి, "రొయ్యలమ్మగారూ, గ్రేడింగ్ సేసేను సూసుకోండి, అన్నీ ఒకటే సైజు" అన్నారు.

ఒకటే సైజు కాదు. చెప్పలేదు.

జూలై 7, సోమవారం

పెన్ను పట్టుకుంటే వేలు చీలుతోంది. అయినా ఇది రాయాలి.

పొద్దున స్నానం చేసి, అప్పన్న కొండ మీంచి వైశాఖంలో తెచ్చుకున్న చందనం అరగదీసి, కాస్త పసుపు కలిపి, రెండు చేతులకీ మణికట్ల దాకా పట్టించాను. చల్లగా హాయిగా ఉంది. అలాగే కంపెనీ వాళ్ళు చెప్పిన డాక్టరు దగ్గరికి గాజువాక వెళ్ళాను. బస్సులో పక్కావిడ "కొండ నుంచేనా?" అని నా చేతికి దండం పెట్టుకుంది.

డాక్టరు దండం పెట్టలేదు. "ఏంటమ్మా ఈ రంగు?"

"అప్పన్న చందనం బాబూ."

"ఇది ఉంటే నేనేం చూడను?" అని విసుక్కుని రెండు వరసలు ఇంగ్లీషులో రాసి, ముద్ర కొట్టి ఇచ్చేశాడు. ముద్ర చూసి పొంగిపోయాను. వచ్చి దేవుడి దగ్గర పెట్టి, నూకరాజమ్మకి ఫోను కూడా చేశాను. అబద్ధం ఆడకుండానే అయిపోయింది చూడు, అని.

మా ఆయన పోర్టులో లారీల చీటీలు రాసిన మనిషి. అద్దాలు పెట్టుకుని చదివారు. మళ్ళీ చదివారు.

"ఇది సెలవు కాగితం కాదే. సేతులు పూతతో కప్పి ఉన్నాయి, జబ్బేటీ కనబళ్ళేదు, పనికి పంపొచ్చు అని రాసేడు."

అంటే గురువారం నుంచి నేను ఊరికే మానేసినట్టు.

జూలై 8, మంగళవారం, మధ్యాహ్నం

గోరువెచ్చని నీళ్ళలో చేతులు పెట్టి కూర్చున్నాను. చందనం కరిగి గిన్నె అంతా పచ్చబడింది. కడగాలంటే మనసు ఒప్పలేదు ముందు. స్వామిది కదా.

తర్వాత తెలిసింది. భక్తితో పూసుకున్నానని అనుకున్నాను. సగం సిగ్గుతో పూసుకున్నాను. బస్సులో ఎవరూ జరిగి కూర్చోకూడదని. ఆ పిల్ల పెన్ను చూపించినట్టు ఇంకెవరూ చూపించకూడదని.

ఏడాదికొక రోజు స్వామికే చందనమంతా ఒలిచి నిజరూపం చూపిస్తారు. అది చూడ్డానికి ఎండలో గంటలు నిలబడతాం. నా చేతులు ఎంత.

ఆ నీళ్ళు తులసి మొక్కకి పోసి, ఉత్త చేతులతో సీతమ్మధార బస్సెక్కాను. చర్మాల డాక్టరమ్మ అక్కడ ఉందని ఆయన కనుక్కున్నారు. చేతుల మీద కొంగు కప్పుకోలేదు. కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఒకావిడ నా చేతిని చూసి తన చెయ్యి కిందికి జరుపుకుంది. జరుపుకోనీ.

అదే రోజు, సాయంత్రం

డాక్టరమ్మ నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఉత్త చేత్తో. ఆరు రోజుల్లో మా ఆయన తప్ప ఎవరూ పట్టుకోలేదు. కళ్ళు చెమర్చితే తల వంచుకున్నాను.

"మీదేం పని?"

"రొయ్యల కంపెనీలో గ్రేడింగమ్మా. సైజులు వేరు చేస్తాను. ఐసు నీళ్ళు, అందులో క్లోరిన్ కలుపుతారు."

"గ్లౌజులివ్వరా?"

ఇవ్వరు అంటే సరిపోయేది. తప్పంతా వాళ్ళ మీదికే పోయేది. నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇస్తారమ్మా. నేనే తీసేస్తాను. రబ్బరుతో కౌంటు తెలీదు."

కౌంటేమిటి, అంది. చెప్పాను. కిలోకి ముప్పై తూగే రొయ్య వేరు, నలభై తూగేది వేరు, రెండూ చూపుకి ఒకేలా ఉంటాయి, వేలు చెప్పాలి. నా బల్ల మీద పోసింది మళ్ళీ తూకం వేసినా తేడా రాదమ్మా, అన్నాను. నోరు జారింది. అంత గొప్పలు ఎప్పుడూ చెప్పుకోను.

డాక్టరమ్మ నవ్వింది. "నాదీ అదే గొడవ. గ్లౌజు వేసుకుంటే చర్మం గరుకు తెలియదు."

కాగితం తీసి, పెన్ను ఆపింది. "పని వల్ల అని రాయమంటారా? చాలామంది వద్దంటారు, ఉద్యోగం పోతుందని. ఎగ్జిమా అని ఊరుకోమంటే ఊరుకుంటాను. అదీ అబద్ధం కాదు."

అదీ అబద్ధం కాదు. కానీ నిజమంతా కాదు. మా బల్ల దగ్గర పద్దెనిమిది మంది ఆడవాళ్ళం. కూర వండితే మంట, పసుపు ముడితే మంట, అందరికీ ఏవో సాకులు.

"ఉన్నదంతా రాయండమ్మా. నేను గ్లౌజులు తీసేసిన సంగతి కూడా."

రాశాక ఒక్కొక్క వరసా తెలుగులో చెప్పింది. రెండు చేతులకీ ఎగ్జిమా. క్లోరిన్ కలిపిన ఐసు నీళ్ళలో గ్లౌజులు లేకుండా పని చేయడం వల్ల వచ్చినది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. మూడో తారీకు నుంచి పదహారు దాకా సెలవు. పదిహేడున పనిలో చేరవచ్చు. లోపల పల్చని నూలు గ్లౌజు, పైన రబ్బరుది వేసుకోవాలి. అవి కంపెనీ ఇవ్వాలి.

మళ్ళీ చెప్పమని అడిగాను. మళ్ళీ చెప్పింది. బస్సు దిగేలోపు నాకు కంఠతా వచ్చేసింది.

జూలై 10, గురువారం

నిన్న మధ్యాహ్నం మొదలుపెట్టి అప్పన్న కొండ చుట్టూ ప్రదక్షిణం పూర్తి చేశాను. ఏటా చేసేదే. దారిలో పులిహోర పెడితే ఆకు చెంచాలా మడిచి తిన్నాను, మందు రాసిన చేతులు కదా. కాళ్ళు వాచాయి. మనసు బాగుంది.

జూలై 11, శుక్రవారం

కాగితం పట్టుకుని కంపెనీకి వెళ్ళాను. గోవిందు బయట టీ తాగుతున్నాడు.

"ఏటి పిన్నీ, కొండ సుట్టూ నడిసేసేవంట. మావోళ్ళు సూసేరు. సెలవులో ఉన్న మడిసివి."

"నడిచినవి కాళ్ళు నాయనా. సెలవు పెట్టినవి చేతులు."

టీ పొలమారింది వాడికి.

తర్వాత కాగితం చదివాడు. నవ్వు పోయింది. "అంటదు అన్నాది, బాగుంది. సెలవు, బాగుంది. ఈ ఒక్క వరసే పిన్నీ... నీళ్ళ వల్ల అని. ఇదెందుకు? పైవోళ్ళు సూత్తే నన్ను తినేత్తారు. ఇది తీయించీసి ఇంకోటి పట్రా. పదిహేడుకి నీ బల్ల నీదే. నాను సూసుకుంతాను."

"అది తీసేస్తే ఎందుకు వచ్చిందంటావు గోవిందూ?"

"ఎందుకో వచ్చింది. సబ్బుల వల్ల. వొయసు వల్ల." గొంతు తగ్గించాడు. "గ్లౌజులు తీసింది నువ్వే గదా, తప్పు నీది గాదేటి?"

"నాదే. అది కూడా రాయించాను, చూడు. గ్లౌజులతో కౌంటు తప్పితే అరిచింది మాత్రం నువ్వు."

నేను గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచను. కానీ చూపు దించలేదు. వాడే దించాడు. అందినట్టు కంపెనీ ముద్ర వేయకుండా కాగితం నా చేతికి తిరిగి ఇచ్చేసి, "సోమారం సాయంత్రం దాకా ఆలోసించు పిన్నీ" అన్నాడు. చెడ్డవాడు కాదు. వాడికీ ఇద్దరు పిల్లలు.

నడిచి వస్తుంటే ఆటోనగర్ షెడ్ల చప్పుడంతా ఒక పక్క, నా గుండె చప్పుడు ఒక పక్క. భయమే. కానీ ఇలా నిటారుగా నడిచి ఎన్నేళ్ళయిందో.

జూలై 12, శనివారం

"మార్సీయొచ్చు గదే, ఒక్క వరసే" అని ఆయన ఒకసారి అన్నారు. కాసేపటికి ఆయనే వెళ్ళి కాగితం జెరాక్సు తీయించుకు వచ్చారు.

జూలై 13, ఆదివారం

చేతులు మెత్తబడుతున్నాయి. ఈ రోజు నేనే అన్నం కలుపుకున్నాను.

పదింటికి నూకరాజమ్మ వచ్చింది, చేతుల మీద తువ్వాలు వేసుకుని. మంచినీళ్ళ గ్లాసు ఇస్తే తీసుకోలేదు. తువ్వాలు తీసి చూపించింది. నా కంటే ఘోరం. గోళ్ళ చుట్టూ నల్లబడి, చిటికెన వేలు వంగడం లేదు. పదేళ్ళు పక్కన నిలబడ్డాను, చూడనే లేదు. గేటు దగ్గర ఎలా దాటుతున్నావే, అంటే, "కొబ్బరి నూని రాసి, ముందున్నోళ్ళతో గొడవెట్టుకుంతాను వొదినా. ఆ పిల్ల గొడవే సూత్తాది, సేతులు సూడదు."

ఇద్దరం నవ్వుకున్నాం. నూకరాజమ్మ తువ్వాలు మళ్ళీ కప్పుకుంది.

"నీ కాగితంలో ఏటి రాసేరో సదువు."

చదవలేదు, అప్పజెప్పాను. ఎగ్జిమా నుంచి నూలు గ్లౌజుల దాకా. అంటదు అన్న చోట నన్ను ఆపింది. "అంటదా? రాసే ఇచ్చిందా? మా కోడలు పిల్లోడిని నా సేతికియ్యట్లేదు వొదినా, మూడు నెలలయ్యింది."

వీధి మలుపులో ఇంకా ముగ్గురు నిలబడి ఉన్నారు. మా బల్ల వాళ్ళే. లోపలికి రమ్మంటే సిగ్గు. నేనే వెళ్ళాను. రేపు నలుగురూ సీతమ్మధార వెళ్తారట. బస్సు దిగాక ఎటు తిరగాలో చెప్పాను. గోరింటాకులు, నూనెలు పెట్టుకోకుండా వెళ్ళండి, అన్నాను. నేను చేసిన తప్పు చెప్పాను. చందనం సంగతి విని పడీ పడీ నవ్వారు. నవ్వనిచ్చాను.

స్వామీ, నేను ఏ ఘనకార్యమూ చేయలేదు. అయినా ఈ రోజు గర్వంగా ఉంది. తప్పైతే మన్నించు.

జూలై 14, సోమవారం

తొమ్మిదింటికి ఆఫీసు నుంచి ఫోను. గోవిందు కాదు. ఎప్పుడూ వినని గొంతు, మర్యాదగానే ఉంది.

"మీ సర్టిఫికేటు ఒరిజినల్ తీసుకుని మూడింటికి రండమ్మా. మీరొక్కరే రండి."

ఎందుకండి, అంటే, వచ్చాక మాట్లాడదాం, అన్నారు. ఈ రోజుతో గడువు ఆఖరు. వెళ్ళకపోతే పేరు ఉండదు.

ఆయన చొక్కా వేసుకుంటే వద్దన్నాను. ఒక్కరే అన్నారు కదా. "జెరాక్సు ఇయ్యి, అసలుది మాత్రం ఇయ్యకు" అని మూడుసార్లు చెప్పారు. అసలుది ఇస్తేనే ముద్ర వేస్తాం అంటే? ఇచ్చాక అది కనబడకుండా పోతే? వెనకాల నలుగురు అలాంటి కాగితమే పట్టుకుని వస్తున్నారని వాళ్ళకి తెలిసే పిలిచారా, తెలియక పిలిచారా...

నూకరాజమ్మ ఇప్పుడే ఫోను చేసింది. నలుగురూ డాక్టరమ్మ గది బయట కూర్చున్నారట. "నీ పేరు సెప్పీమంటావేటి వొదినా?"

చెప్పమన్నాను.

ఒంటి గంట బస్సుకి వెళ్తున్నాను. జెరాక్సు సంచిలో ఉంది. అసలుది కొంగుకి కట్టుకున్నాను. అక్కడ ముడి విప్పమంటే, విప్పి చూపిస్తాను. చేతికి మాత్రం ఇవ్వను.