సత్తెమ్మ పచ్చబొట్టు

గౌలిపుర

బాపూ, నేను బాగున్నాను, ఫికర్ చెయ్యకు. కంప్యూటర్‌లో ఫొటోలు దిద్దడం చేతికొచ్చింది. నా పని నలుగురికీ చూపించడానికి వెబ్‌సైటు కూడా తయారవుతోంది.

దాని మొదటి పేజీకని మా ఇంటి ఓనరు, పాలు అమ్మే సత్తెమ్మ పెద్దమ్మను ఫొటో తీశాను. ముడతలు పోగొట్టి, మచ్చలు తుడిచి చూపిస్తే గయ్యిమని లేచింది. "నా నొసటి పచ్చబొట్టు ఏదే? సొమ్ములన్నీ ఈడనే ఉంటయి, సచ్చినంక నా ఎంట వచ్చేది గదొక్కటే. గదే తుడిచేస్తివా?" అంది. మచ్చ అనుకుని దాన్నీ తుడిచేశాను! దిద్దని ఫొటోను వేరే ఫోల్డరులో దాచాలని మాకు ఈ పని నేర్పే అఫ్షీన్ మేడం మొదటి రోజే చెప్పింది కాబట్టి బతికిపోయాను. ఇప్పుడు నెట్‌లో పెట్టిన ఆ పేజీలో పెద్దమ్మ ముడతలతో, పచ్చబొట్టుతో నవ్వుతోంది. అది చూసే మలక్‌పేటలో ఒక స్టూడియో వాళ్లు సోమవారం నుంచి పనికి రమ్మన్నారు.

చెల్లె దగ్గు తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తే కారప్పొడి పంపు. నాయనమ్మకు దండాలు చెప్పు.

రెండో పేజీకి నువ్వు మగ్గం మీద కూర్చున్న ఫొటో కావాలి. చెల్లెతో తీయించు. ఫొటోకని మీసాలకు రంగు మాత్రం వెయ్యకు బాపూ.

నీ బిడ్డ
సోనీ